మింగిన ముక్క

పోషకాహార నిపుణురాలు తెచ్చుకున్న గాజు తూకం యంత్రంలో బ్యాటరీ అయిపోయింది. అందుచేత జడ్జమ్మను పిండి బస్తాలు తూచే కాటా ఎక్కించారు.

గోడౌన్ గుమ్మం పక్కనే నేలలోకి సగం దిగేసిన ఇనుప పలక అది. పలక వెనక నిలువు కడ్డీ, కడ్డీ చివర అరచేయంత ఎర్రటి అంకెలు. లారీ డ్రైవరు సీట్లోంచి తల తిప్పితే చాలు, చదువుకోవచ్చు. ఆ వేళకు లారీ ఒకటి సరుకు ఎక్కించుకుంటోంది. ప్యాకింగు హాలు తలుపు తెరిచి ఉంది. ఓవెన్ దగ్గర మధ్య విరామం నడుస్తోంది. అంటే, చూడదలచుకున్నవాళ్ళందరికీ తీరిక ఉన్న సమయం.

"చెప్పులు విప్పాలాండీ?" అని అడిగింది జడ్జమ్మ.

"విప్పండి ఆంటీ. కోటు కూడా తీసేస్తే మంచిది."

కోటు తీయడమంటే ఆ తెల్లకోటుకు రెండు పక్కలా పాత కోటు గుడ్డతో తను వేసుకున్న అతుకులు నలుగురికీ చూపించడం. ఆమె చెప్పులు మాత్రమే విప్పింది. పలక మీద పలచగా పేరుకున్న పిండిలో అడుగు పెట్టింది. వెనక కడ్డీ మీద అంకెలు గిరగిరా తిరగడం మొదలైంది.

అంతలో గోడౌన్ మనిషి ఖాళీ గోనెసంచి ఒకటి దులిపి, తాపీగా వచ్చి, ఆ అంకెల మీద కప్పేశాడు.

"అదేంటయ్యా?" అంది నిపుణురాలు.

"ఎండ పడతాంది మేడం. పాత కాటా గదా, ఎండలో అంకె ఆనదు. ఇట్టా కప్పి, లోపలికి తలపెట్టి చదవాల."

ఎండ అంకెల మీద పడటం లేదు. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నిపుణురాలు గోనె అంచు ఎత్తి, తల లోపలికి దూర్చి, చదువుకుని, జుట్టుకు పిండి అంటించుకుని బయటికి వచ్చింది. లారీ డ్రైవరు నవ్వాడు. నవ్వు జడ్జమ్మ మీది నుంచి నిపుణురాలి మీదికి మళ్ళింది. గోడౌన్ మనిషి తన పని అయిపోయినట్టు వెనక్కి వెళ్ళి బస్తా మీద కూర్చున్నాడు.

చెప్పులు తొడుక్కుంటూ జడ్జమ్మ అతని వైపు చూసింది. అతను చూపు కలపలేదు. అదీ మర్యాదే.

ఆమెను ఆ ఫ్యాక్టరీలో అందరూ జడ్జమ్మ అనే పిలుస్తారు. ఓవెన్‌లోంచి దిగిన ప్రతి బ్యాచ్ బిస్కెట్లూ ముందు ఆమె గదికి వస్తాయి. ఆమె తల ఊపితే ప్యాకింగుకు పోతాయి, ఊపకపోతే పశువుల దాణాకు పోతాయి. ఆ తీర్పు మీద ఇంతవరకు అప్పీలు లేదు.

ఆ గదికి కిటికీలు లేవు. ఓవెన్ వైపు ఒక గాజు పలక మాత్రం ఉంది. పైన ఎర్ర బల్బు. రంగు చూసి కన్ను మోసపోకూడదని ఆ ఏర్పాటు. బల్ల మీద గోరువెచ్చని నీళ్ళు, ఉమ్మడానికి స్టీలు గిన్నె. లోపలికి పౌడరు వాసన గాని, సబ్బు వాసన గాని, పువ్వు గాని రాకూడదు. నిపుణురాలిని ఆమె ముందు చేతులు కడుక్కోమని చెప్పి, తరువాతే కుర్చీ చూపింది.

"రోజుకి ఎన్ని బిస్కెట్లు తింటారు?"

"ఒక్కటీ తిననండి."

నిపుణురాలి కలం ఆగింది. వయసు పాతికకు అటూ ఇటూ ఉంటుంది. మణికట్టు ఎముక చర్మాన్ని నెట్టుకుని పైకి కనిపిస్తోంది. "చూడండి ఆంటీ, నేను తప్పులు పట్టడానికి రాలేదు. నా దగ్గర దాస్తే నష్టం మీకే."

"దాచేదేం లేదమ్మా. కొరుకుతాను, నములుతాను, నాలిక మీద కాసేపు ఉంచుకుని ఉమ్మేస్తాను. మింగితే తరవాతి ముక్క సంగతి తెలీదు."

"ఎప్పుడూ మింగలేదా?"

"వంటమనిషి ఉప్పు చూస్తే భోజనం చేసినట్టా?"

నిపుణురాలు నవ్వింది. కాగితం మీద మాత్రం 'అయిదారు, అంచనా' అని రాసింది. అంత శరీరం బిస్కెట్లు లేకుండా వచ్చిందంటే నమ్మే శాస్త్రం ఆమె చదివినట్టు లేదు. తరువాత తినవలసినవీ మానవలసినవీ చెప్పుకొచ్చింది. ఉదయం గోరువెచ్చని నీళ్ళు, అర పండు. మధ్యాహ్నం ఉప్పు లేకుండా ఉడికించిన కూరగాయలు. రాత్రి పలచని పులుసు, చీకటి పడకముందే. పదింటికి తెచ్చుకునే డబ్బా పూర్తిగా మానేయాలి.

"ఆ డబ్బా పనిలో భాగమండీ," అంది జడ్జమ్మ. "పెద్దయజమాని పెట్టిన పద్ధతి. నిండు కడుపుతోనూ చూడకూడదు, ఖాళీ కడుపుతోనూ చూడకూడదు. పదింటికి కాస్త తిని, ఓ గంట ఆగి కూర్చోవాలి."

"అవన్నీ పాతకాలం నమ్మకాలు ఆంటీ. ఖాళీ కడుపుతో ఉంటే ఇంద్రియాలు ఇంకా చురుగ్గా పనిచేస్తాయి. కావాలంటే చదివి చూపిస్తాను."

ఆ మాటతోనే చిన్నసారు లోపలికి వచ్చాడు. పెద్దయజమాని కొడుకు. చేతులు కడుక్కోలేదు. ఒంటి మీది అత్తరు అతనికన్నా ముందే గది నిండింది. 

"ఏమ్మా, మా జడ్జిగారు మాట వింటున్నారా? ఇదంతా మీ ఆరోగ్యం కోసమేనండీ. నాన్నగారి నాటి మనిషి మీరు. మీకేమైనా అయితే మాకు దిక్కెవరు?"

ఆరోగ్యం మీద ఆ శ్రద్ధ పుట్టి నెల కూడా కాలేదు. కొత్తగా 'తేలిక' అనే బిస్కెట్టు మార్కెట్లోకి దించుతున్నారు. తింటే ఒళ్ళు రాదన్నది దాని గొప్ప. ప్రకటన తయారుచేసేవాళ్ళు వచ్చి, రుచి చూసే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకుపోయారు. రెండు రోజులకు ఫొటోలు వెనక్కి వచ్చాయి, ఈమెను చూశాక తేలిక అంటే ఎవరు నమ్ముతారనే ప్రశ్నతో.

"ఫొటోకి ఇంకెవర్నైనా నిలబెట్టండి బాబూ. నాకేం పట్టింపు లేదు," అంది జడ్జమ్మ.

"అదెలా కుదురుతుందండీ? రుచి చూసేది ఒకరు, ఫొటోలో ఒకరూనా? జనాన్ని మోసం చేసినట్టు కాదూ? మన దగ్గర అలాంటి పనులు లేవు."

అతను నిజాయితీపరుడే. ఫొటో అబద్ధం చెప్పకూడదు కాబట్టి మనిషే మారాలి. మనిషి మారకపోతే కుర్చీలో మరో మనిషి వస్తుంది. ఈ రెండో మాట అతను నోటితో అనలేదు. ఆమె కూర్చున్న కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఒకసారి నెమ్మదిగా నిమిరి వెళ్ళాడు.

*

జడ్జమ్మ ఇంట్లో ఉండేది ఇద్దరే. కొడుకు పోయాక అత్తకు కోడలు, భర్త పోయాక కోడలికి అత్త. అత్త ఎండిన చింతబరికెలా ఉంటుంది. ఎంత తిన్నా అంతే. కోడలు గాలి పీల్చినా ఒళ్ళు చేస్తుంది. పక్కపక్కన నిలబడితే ఒకరి వాటా కూడా ఇంకొకరు తింటున్నారనుకుంటారు. అది ఆ ఇంట్లో పాత హాస్యం.

"ఇదేమిటే, కుందేలుకి పెట్టాల్సింది నీ కంచంలో పడింది?"

"పథ్యం అత్తయ్యా."

"జబ్బేమిటి?"

"లావు."

అత్త కాసేపు ఆమెను ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళకి కనబడిందా వాళ్ళకి? నేనీ ఇంటికి వచ్చిన కొత్తలో లేక ఎండాను. నువ్వు ఉండీ ఎండుతున్నావు. బాగుందే తల్లీ." కంచంలో ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. "నువ్వలా గడ్డి నములుతూ కూర్చుంటే నాకు ముద్ద ఎలా దిగుతుంది? కాస్త అటు తిరిగి తిను."

జడ్జమ్మ గోడ వైపు తిరిగి తింది. ఉడికించిన కాయకు నీళ్ళ రుచి తప్ప మరో రుచి లేదు. మొదటి రోజు అది స్పష్టంగా తెలిసింది. బుధవారానికి ఆ నీళ్ళలోనే ఏదో తీపి ఉన్నట్టు తోచింది. నాలుక పదునెక్కుతోంది కాబోలు, నిపుణురాలి మాటే నిజం కాబోలు అనుకుని, ఆమె సంతోషించింది కూడా.

ఆ బుధవారమే నిపుణురాలు మళ్ళీ వచ్చి, పని ఎలా జరుగుతుందో చూస్తానని గదిలో ఓ మూల కూర్చుంది. గాజు పలక అవతల ఓవెన్ తలుపు తెరిచారు. కాలిన పాలు, చక్కెర, వెన్న కలిసిన వేడి వాసన గది గోడలను ఒరుసుకుంటూ వచ్చింది. నిపుణురాలు కళ్ళు మూసుకుంది. గొంతులో గుటక పడటం జడ్జమ్మ చూసింది. ఆ గుటక ఆమెకు ఈ మూడు రోజుల్లోనే పరిచయమైన గుటక.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"నేనా? నాకు అలవాటేనండీ."

"ఏది? తినడమా, మానడమా?"

నిపుణురాలు కళ్ళు తెరిచి, దొరికిపోయినదానిలా నవ్వింది. "నన్ను పనిలో పెట్టుకునేవాళ్ళు ముందు నా సర్టిఫికెట్లు చూడరు ఆంటీ, నడుం చూస్తారు. లావుపాటి డైటీషియన్ మాట ఎవరు వింటారు చెప్పండి?"

"బట్టతలాయన తలనూనె అమ్మినట్టుంటుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వడానికి కావలసిన ఓపిక ఇద్దరి దగ్గరా అంతంతమాత్రంగానే ఉంది. నవ్వు త్వరగా అయిపోయింది. నిపుణురాలు లేచి, "డబ్బా తేవడం లేదు కదా?" అని అడిగి, తేవడం లేదన్న జవాబు తీసుకుని వెళ్ళింది.

గురువారం ఉదయం జడ్జమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఒకసారి గోడ పట్టుకుని నిలబడింది. కళ్ళ ముందు నల్లని చుక్కలు తిరిగి, సర్దుకున్నాయి. గదిలోకి వెళ్ళి చేతులు కడుక్కుంది, నోరు పుక్కిలించింది, ఎర్ర బల్బు వేసింది. మొదటి బ్యాచ్ పళ్ళెం లోపలికి వచ్చింది. మామూలు పాల బిస్కెట్టు, ఆమె నిద్రలోనైనా గుర్తుపట్టగలిగిన సరుకు.

ఎప్పటిలాగే ఒకటి తీసి చెవి దగ్గర విరిచింది. పుటుక్కుమని విరిగింది. విరిగిన అంచు ముక్కుకు ఆనించి వాసన చూసింది. ఎడమచేతిలో స్టీలు గిన్నె పట్టుకుని, కుడిచేత్తో ముక్క నోట్లో పెట్టుకుంది. ముందు పళ్ళతో మెత్తగా నలిపి, నాలుక కొసకు, అక్కడి నుంచి పక్కలకు, చివరకు మొదటికి పంపాలి. అది ఆమె ఎన్నో ఏళ్ళుగా నడిచిన దారి. ఆ రోజు ముక్క దారి పట్టకముందే దవడల కింది నుంచి నీరు ఊరి పైకి పొంగింది. తీపి ఒక్కసారిగా కణతల దాకా పాకింది. ఇంత మంచి బిస్కెట్టు ఈ ఓవెన్‌లోంచి ఎన్నడూ దిగలేదనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె పెదవి దాకా వచ్చింది. ముక్క మాత్రం గిన్నెలో పడలేదు.

మింగేసింది.

మింగాలని అనుకోలేదు. గొంతు తన పని తాను చేసుకుపోయింది. చేతిలో మిగిలిన సగం ముక్క ఆమె వంక చూస్తున్నట్టుంది. దాన్నీ తినేసింది. ఆ తరువాత నియమం ప్రకారం పళ్ళెంలోంచి కొన్ని నమూనాగా ప్యాకెట్టు కట్టి, చల్లని బీరువాలో దాచి, గాజు పలక వైపు తిరిగి తల ఊపింది. అవతలివాళ్ళు ట్రాలీని ప్యాకింగు వైపు తోసుకుపోయారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, గోడ వైపు తిరిగి తింటూ, "ఇవాళ్టి బిస్కెట్టు అమృతంలా ఉంది అత్తయ్యా," అంది. ఇంట్లో సరుకు మాట ఆమె ఎన్నడూ ఎత్తదు. ఆ రోజు ఎందుకో చెప్పాలనిపించింది.

"ఉండదూ మరి?" అంది అత్త. "ఆకలి రుచెరగదన్నారు. నాలుగు రోజులు కడుపు మాడ్చుకున్నదానికి పెంకుముక్క పెట్టినా అలాగే ఉంటుంది."

జడ్జమ్మ నములుతున్నది ఆపింది. నోట్లో ఉన్న ఉడికిన కాయ కూడా తియ్యగానే ఉంది. ఉప్పు లేదు, కారం లేదు, అయినా తియ్యగా ఉంది. ఆమె కంచం కింద పెట్టేసింది.

*

శుక్రవారం అత్త అడగకుండానే సంచిలో డబ్బా పెట్టింది. ఆమె కాదనలేదు. పదింటికి గదిలో కూర్చుని, తలుపు గడియ పెట్టి, దొంగతనం చేస్తున్నట్టు తింది. గంట గడిచేదాకా ఆగింది. నోరు పుక్కిలించి, బీరువాలోంచి గురువారం నాటి ప్యాకెట్టు తీసింది.

మొదటి నమలుకు ఏమీ దొరకలేదు. రెండో నమలుకు నాలుక మొదట్లో, చిన్నగా, తడిసిన పాత అట్టపెట్టె లాంటి ఒక వాసన తగిలింది. ఆ తరువాత అది వదలలేదు. కనరు. నూనె చెడడం మొదలైందన్నమాట. ఇవాళ నాలుక ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది, రేపటికల్లా ప్యాకెట్టు విప్పిన ప్రతి పసిపిల్లకూ తెలుస్తుంది. ఆమె ముక్కను గిన్నెలో ఉమ్మి, గబగబా గోడౌన్‌కు నడిచింది.

"నిన్నటి పాల బిస్కెట్టు ఎక్కడుందన్నయ్యా?"

"ఇంకెక్కడిది చెల్లెమ్మా? పొద్దున్నే లారీ ఎక్కిచ్చి పంపిచ్చినా." గోడౌన్ మనిషి ఆమె మొహం చూసి బస్తా మీది నుంచి లేచాడు. "ఏమైంది? కూచో. చెమటలు పట్టినాయి."

"ఏం లేదు."

చిన్నసారు గది ముందు నిలబడింది. లోపల ప్రకటనవాళ్ళు ఉన్నారు. తలుపు సందులోంచి అతను చూసి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, 'ఇంత సన్నబడ్డారు' అన్నట్టు సైగ చేసి నవ్వాడు. ఆమె కాసేపు నిలబడి తిరిగి వచ్చేసింది. తన నాలుక ఒకసారి తప్పింది, రెండోసారి మాత్రం తప్పలేదని నమ్మకమేమిటి అని తనకు తాను చెప్పుకుంది. అది వాదన కాదు, భయం. ఆమెకు కూడా ఆ తేడా తెలుసు.

శనివారం దుకాణాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. మధ్యాహ్నానికి పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. తప్పు ఎక్కడ జరిగిందన్న విచారణ ఎంతోసేపు సాగలేదు. జడ్జమ్మ తల ఊపిన సరుకు అది. కాబట్టి ఓవెన్ నుంచి దిగినప్పుడు బాగానే ఉండి ఉండాలి. కాబట్టి ఆ తరువాతే చెడి ఉండాలి. ఆ తరువాత ఆ సరుకు ఉన్నది గోడౌన్‌లో, రేకుల కప్పు కింద. ఒక రాత్రి రేకుల కింద ఉన్నంత మాత్రాన బిస్కెట్టు కనరెక్కదని ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఎవరికైనా తెలుసు. అయినా జడ్జమ్మ తీర్పును కాదనడంకన్నా సులువైన పని కాబట్టి అందరూ నమ్మారు. మామూలు నూనె వదిలి, ఈ మధ్య వేరేచోట నుంచి డ్రమ్ములు తెప్పించింది చిన్నసారేనన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇన్నేళ్ళూ తప్పు చేయకపోవడం ఇంత ప్రమాదమని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆమె మీద ఉన్న నమ్మకమే మరో మనిషి మీద సాక్ష్యం చెప్పింది.

*

సోమవారం మళ్ళీ తూకం. నిపుణురాలి గాజు యంత్రంలో కొత్త బ్యాటరీ ఉంది. అయినా చిన్నసారు కాటానే కావాలన్నాడు. నలుగురి ముందూ జరిగితే నలుగురికీ ఉత్సాహం వస్తుందని అతని ఉద్దేశం. ప్యాకింగు వాళ్ళనూ ఓవెన్ వాళ్ళనూ పిలిపించాడు. ఎలాగూ వచ్చారు గనక, పనిలోంచి తీసేసిన గోడౌన్ మనిషి తాళాలు అప్పగించే పని కూడా అక్కడే కానిచ్చేద్దామనుకున్నాడు. గోడౌన్ మనిషి చేతిలో తాళాల గుత్తి, చంకలో టిఫిను సంచి. ఆ రోజు అంకెల మీద గోనె కప్పేవాళ్ళు ఎవరూ లేరు.

జడ్జమ్మ చెప్పులు విప్పి పలక ఎక్కింది. అంకెలు తిరిగి, ఆగాయి. నిపుణురాలు తన కాగితం చూసుకుని, "అబ్బ! ఆంటీ!" అంది. తగ్గింది. చిన్నసారు చప్పట్లు కొట్టాడు. కొట్టాలేమోనని మిగతావాళ్ళూ కొట్టారు.

"చూశారా? పట్టుదల అంటే ఇదీ! ఈ లెక్కన వచ్చే నెలకల్లా ఫొటోకి..."

"బాబూ," అంది జడ్జమ్మ. పలక మీది నుంచి దిగలేదు. "గురువారం బ్యాచ్ గోడౌన్‌లో చెడిపోలేదు. నా దగ్గరకి వచ్చేటప్పటికే కనరు."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి.

"ఇప్పుడా మాట ఎందుకండీ? శుభమా అని..."

"దాచిన ప్యాకెట్టు చల్లటి బీరువాలోనే ఉంది. రేకుల వేడి దానికి తగల్లేదు. అదీ కనరే. ఎవరైనా వెళ్ళి వాసన చూడొచ్చు. నూనెది తప్పు. దాన్ని పట్టుకోకపోవడం నా తప్పు. ఆ రోజు నేను ఉమ్మలేదు, మింగేశాను."

"మింగితే ఏమైంది?" అన్నాడు చిన్నసారు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. "రోజూ మింగేదేగా?"

ప్యాకింగు హాలు వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నిపుణురాలు నవ్వలేదు. తన కాగితం మీద వారం కిందట రాసుకున్న 'అయిదారు, అంచనా' అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"ఇన్నేళ్ళలో అదొక్కటే మింగాను. ఆకలేసి. ఆకలి మీద అది అమృతంలా ఉంది. తల ఊపాను. శుక్రవారం డబ్బా తిన్నాక రుచి చూస్తే తెలిసింది. మీ గది ముందు దాకా వచ్చాను, నోరు పెగల్లేదు. ఈయన తాళాలు ఈయన దగ్గరే ఉండనివ్వండి."

చిన్నసారు మొహంలో రంగులు మారాయి. చల్లని బీరువా, నూనె, డ్రమ్ములు. ఆ మాటలు ఏ దారిన పోతే ఎక్కడికి చేరతాయో అతను లెక్క వేసుకుంటున్నాడు. చివరికి లెక్క తేలింది.

"అంటే మీ నాలిక ఇంక పనికిరాదంటారు."

"ఆకలిగా ఉన్నప్పుడు పనికిరాదు."

అతనికి సగమే వినబడింది. "పాపం, వయసు కదా," అన్నాడు జాలిగా, అందరికీ వినబడేలా. "మనిషన్నాక ఓ రోజు తప్పుతుంది. ఏమయ్యా, తాళాలు నీ దగ్గరే ఉంచుకో. జడ్జిగారూ, మీకు విశ్రాంతి కావాలి. కొన్నాళ్ళు ఇక్కడే, ఈ కాటా దగ్గర కూర్చోండి. బస్తాలు తూచడానికి నాలిక అక్కర్లేదుగా?"

ఒక నిరపరాధి బయటపడ్డాడు, నూనె బయటపడలేదు. ఆ రోజుకు అంతవరకే న్యాయం దొరికింది. జడ్జమ్మ పలక దిగి చెప్పులు తొడుక్కుంది. పిండిలో ఆమె పాదాల గుర్తులు రెండూ మిగిలాయి.

ఆ వారం చివర ప్రకటనవాళ్ళు వచ్చారు. ఎర్ర బల్బు విప్పి, గదిలో తెల్లని దీపాలు నిలబెట్టారు. కుర్చీలో నిపుణురాలిని కూర్చోబెట్టారు. రుచి చూసేది ఒకరు, ఫొటోలో ఒకరు ఉండకూడదన్న నియమం ఏమైందని ఎవరూ అడగలేదు. కంపెనీ ముద్ర ఉన్న కోటు కావాలని జడ్జమ్మను అడిగారు. ఆమె విప్పి ఇచ్చింది. అతుకులు వేసిన ఆ కోటులో నిపుణురాళ్ళు ఇద్దరు పడతారు. అందుకని వెనక పక్క గుడ్డంతా మడిచి క్లిప్పులు పెట్టారు. ముందు నుంచి చూస్తే కొలిచి కుట్టినట్టుంది.

"కొరకండి మేడం. నవ్వండి. ఆ, మళ్ళీ."

నిపుణురాలు కొరికింది, నవ్వింది, మళ్ళీ కొరికింది. ఉమ్మే గిన్నె ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ జడ్జమ్మ లోపలికి వెళ్ళి, అలమరలోని స్టీలు గిన్నె తీసి, ఆమె మోచేతి పక్కన పెట్టింది. నిపుణురాలు గిన్నె వంక చూసింది, ఆమె వంక చూసింది. ఏదో అనబోయింది. నోరు నిండా ఉంది. మింగేసింది. ఫొటోలవాడు కెమెరా సర్దుకునే లోపల, ఎవరూ అడగకుండానే, పళ్ళెంలోంచి ఇంకొకటి తీసుకుంది.

ఇప్పుడు బ్యాచ్‌లన్నీ చిన్నసారే రుచి చూస్తున్నాడు. అన్నీ బాగానే ఉంటున్నాయి.

కాటా దగ్గర కుర్చీ లేదు. లారీలు లేని వేళ జడ్జమ్మ ఆ ఇనుప పలక మీదే కూర్చుంటుంది. కూర్చోగానే వెనక ఎర్రటి అంకెలు వెలుగుతాయి. మొదటి రోజు గోడౌన్ మనిషి గోనెసంచి దులుపుకుంటూ వచ్చాడు.

"ఉండనీ అన్నయ్యా," అంది. "దానికేం ఎండ తగలట్లేదుగా."

అతను సంచి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పది దాటింది. ఆమె డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, తలుపులు తెరిచి ఉన్న హాలు వైపు తిరిగి.

"చిత్రం చూసినావా చెల్లెమ్మా? డబ్బా సగమైంది, అంకె మాత్రం అక్కడే ఉంది."

"మరెక్కడికి పోతుంది? డబ్బాలోది నా దగ్గరేగా ఉంది."

ఆమె మిగిలినదాన్ని మూతలోకి వంచి అతని చేతికిచ్చింది. అతను వద్దనలేదు. గోనె పక్కన పడేసి, మూత పట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి తలెత్తాడు. చివరి అంకె ఒకటి దిగింది.

"తగ్గినావు పో!" అన్నాడు నవ్వుతూ.

జడ్జమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. నోట్లోది నాలుక మీద అటూ ఇటూ తిప్పి, ఉప్పు కాస్త ఎక్కువైందని గమనించి, మింగింది.